మారోవిండ్: మా మేనల్లుడు 40 నిమిషాల్లో తీసి పారేశాడు

పాత_సీడీ
కడుపుమంటతో రాస్తున్నా. మా అక్క కొడుకు ఇంటర్ పరీక్షలు రాసి సెలవులకి మా ఇంటికొచ్చాడు. పొద్దస్తమానం ఫోన్లో ఏవో ఆటలు. "ఇవి కాదురా, ఆటంటే ఏంటో చూపిస్తా" అని నా ల్యాప్‌టాప్‌లో మారోవిండ్ వేసిచ్చా. 2002లో వచ్చిన అదే మారోవిండ్.

సరిగ్గా 40 నిమిషాలు. గదిలోంచి బయటికొచ్చి, "మామయ్యా, ఎటు వెళ్ళాలో చెప్పే బాణం గుర్తు లేదు. ఒడ్డున పీతని ఇరవైసార్లు పొడిచా, కత్తి దాని ఒంట్లోంచి దూరి అవతలకి పోతోంది గానీ తగలట్లేదు. ఎవర్ని పలకరించినా పేజీలకి పేజీలు చదవమంటారు. ఇదేనా నువ్వు ఇన్నేళ్ళుగా చెప్పింది?" అన్నాడు. అంతే, మళ్ళీ ఫోన్.

నేను దీన్ని 2003 ఎండాకాలంలో, ఎంసెట్ రాసి ర్యాంకు కోసం ఎదురుచూస్తూ ఆడా. 128 ఎంబీ ర్యామ్. కొత్త ప్రాంతం లోడయ్యే గీత కనపడగానే లేచి, బిందెలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చేవాణ్ణి, అప్పటికీ సగమే నిండేది. చివర్లో ఆటలోని పెద్ద విలన్ డాగోత్ ఊర్ ఎదురుగా నిలబడినప్పుడు రాత్రి రెండయింది, కరెంటు పోతుందేమోనని ప్రాణం గిలగిల్లాడింది. వీడి కథ పీత దగ్గరే ముగిసింది.

మొహమాటం లేకుండా చెప్పండి. ఆట అంత బాగుండేదా, లేక మనకప్పుడు పద్దెనిమిదేళ్ళు కాబట్టి బాగుందా?

కోడి_కూయకముందే
రెండోది.

గోదారి_గట్టు
పైన ఒక్క ముక్కలో తేల్చేసిన పెద్దమనిషి అసలు ఆడాడా?

కోడి_కూయకముందే
ఆడా. రెండు వారాలు. ఎగిరే గద్దలు వెంటపడి పొడుస్తుంటే విసుగొచ్చి మానేశా. ఇదే సిరీస్‌లో తర్వాత వచ్చిన స్కైరిమ్ మాత్రం మూడుసార్లు పూర్తిచేశా. 2011లో వచ్చినదాంతో పోలిస్తే 2002ది పాతగానే ఉంటుంది, అందులో తప్పేముంది?

లెక్కల_మాస్టారు
పీత సంగతి ముందు తేలుద్దాం. అది ఆట తప్పు కాదు, మీ వాడి తప్పూ కాదు, మామయ్య తప్పు. చెప్పాల్సింది చెప్పలేదు.

కత్తి తగిలిందా లేదా అనేది అక్కడ కంటికి కనిపించేదాన్ని బట్టి ఉండదు. లోపల పాచికలు పడుతుంటాయి. ఆ ఆయుధంలో నీ నైపుణ్యం, దానికి చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలుపుతారు. వచ్చినదాన్ని అలసటతో గుణిస్తారు. అడుగున పచ్చ గీత ఉంటుందే, అదే అలసట. అది నిండుగా ఉంటే 1.25 రెట్లు, ఖాళీగా ఉంటే 0.75 రెట్లు. కొత్తవాళ్ళందరూ ఓడ దిగిన దగ్గర్నుంచి పరిగెత్తుతూనే ఉంటారు. పరుగుతో పచ్చ గీత అడుగంటుతుంది. అప్పుడు ఎప్పుడూ పట్టని కత్తి పట్టుకుని పీత మీదకి పోతే ఏమవుతుంది? రొప్పుతూ గాల్లో కత్తి తిప్పుతున్నాడన్నమాట.

నడవమనండి. పీతని చూశాక కాసేపు నిలబడి ఊపిరి తీసుకోమనండి.

పాత_సీడీ
@లెక్కల_మాస్టారు, ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నా, ఆ గుణకారం సంగతి నాకు ఇవాళే తెలిసింది. నేనూ పరిగెత్తినవాణ్ణే.

వరంగల్_పోరడు
అన్నా, ఆ పిలగానికి టార్హియెల్‌ను చూపెట్టినవా లేదా? అది చూసినంక ఎవడు ఆపుతడు?

పాత_సీడీ
లేదు, ఊరు దాటితే కదా.

వరంగల్_పోరడు
అయ్యో. తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. మొదటి ఊరు సైడా నీన్ దాటి బాట పట్టుకొని పోతుంటే పైనుంచి కేక వినపడతది. తల ఎత్తి చూసేలోపు ఒక మాంత్రికుడు ఆకాశంలకెల్లి దబ్బున నీ ముందల పడి సస్తడు. జేబుల వెతికితే మూడు మంత్రపత్రాలు, ఒక చిన్న పుస్తకం. పుస్తకంల తన గొప్పలు రాసుకున్నడు, ఎగరనీకి మంత్రం కనిపెట్టిన అని. నిజంగనే కనిపెట్టిండు. దిగనీకే కనిపెట్టలే.

ఆ పత్రం చదివితే దూకే నైపుణ్యం 1000 పెరుగుతది, 7 సెకండ్లు మాత్రమే. మామూలుగ 100 దాటితేనే గొప్ప. ఒక్క ఎగురు ఎగిరితే ఊర్లకు ఊర్లు కింద కనపడతయి. ఏడు సెకండ్లు అయిపోతయి, నువ్వు ఇంక గాల్లనే ఉంటవ్. మా దోస్తులు ఐదుగురం ఒకే కంప్యూటర్ ముంగట కూసున్నం. ఐదుగురం ఒకడి వెనుక ఒకడు అట్లనే చచ్చినం. ఒక్కడు కూడ మిగిలినోణ్ణి చూసి నేర్చుకోలే.

రాత్రి_రెండున్నర
రెండో పత్రం దిగేముందు చదవాలి. నేల దగ్గరపడుతుండగా చదివితే మళ్ళీ 1000 వస్తుంది, దెబ్బ తగలదు. మూడోది తిరుగు ప్రయాణానికి. మూడు పత్రాలు ఇచ్చింది అందుకేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత వెలిగింది.

లేదంటే సముద్రం వైపు దూకాలి. నీళ్ళలో పడితే ఏమీ కాదు.

వరంగల్_పోరడు
@రాత్రి_రెండున్నర అక్కా, ఈ మాట 2004లో చెప్పుంటే బాగుండు.

మెట్లులేని_మేడ
@కోడి_కూయకముందే, పాతదని తీసిపారెయ్యకండి. ఆ పడి చచ్చిన మాంత్రికుడే ఈ ఆట మొత్తానికీ నమూనా. "నువ్వు కూడా ఇలా చావొచ్చు, నీ ఇష్టం" అని చేతిలో పెట్టి పక్కకి తప్పుకుంటుంది. తర్వాత వచ్చిన ఆబ్లివియన్‌లో, స్కైరిమ్‌లో గాల్లో తేలే మంత్రమే తీసేశారు. ఊళ్ళన్నీ గోడలు కట్టి విడిగా లోడ్ చేస్తున్నప్పుడు ఎవడైనా తేలుతూ గోడ దాటితే అవతల ఏమీ ఉండదు మరి.

మారోవిండ్‌లో తెల్వానీ వంశపు మాంత్రికుల మేడలకి చాలాచోట్ల మెట్లే లేవు. పుట్టగొడుగుని పెంచి మేడ చేసుకుంటారు, మధ్యలో నిలువు బావిలాంటి దారి. తేలడం రాని అతిథి వాళ్ళ లెక్కలో అతిథే కాదు. ఒక మాట కూడా చెప్పకుండా ఆ వంశం పొగరు మొత్తం నీకు అర్థమైపోతుంది. నా దృష్టిలో కథ చెప్పడమంటే ఇదే.

కోడి_కూయకముందే
సరే, మేడ సంగతి ఒప్పుకుంటా. కానీ లొసుగులు స్కైరిమ్‌లో తక్కువేం కాదు. షాపువాడి తలమీద బకెట్ బోర్లించి కొట్టు మొత్తం ఊడ్చుకుపోవచ్చు.

గోదారి_గట్టు
బకెట్ దొంగతనానికీ విద్యకీ తేడా ఉంది నాయనా. మారోవిండ్‌లో మందు కాచడం విద్య.

యామ్ అని బూడిద నేలలో పండే దుంప ఒకటి, బ్లోట్ అని ఇంకో సరుకు. రెండూ నూరి మందు చేస్తే తెలివి పెరుగుతుంది. తెలివి పెరిగితే తర్వాత చేసే మందు ఇంకా ఘాటుగా వస్తుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. అది తాగి ఇంకోటి, అది తాగి ఇంకోటి. నాలుగో విడతకి తెలివి వందల్లోంచి వేలల్లోకి. పదో విడతకి అంకె తెరలో పట్టలేదు. ఒక్క గుక్క మందు ఆటలో నెలల తరబడి పనిచేసేది.

అదే తెలివితో బలం మందు కాచా. వెళ్ళి ఒక దొంగని కొట్టా. వాడు పోయాడు, కత్తీ పోయింది. దెబ్బ ఎంత గట్టిదైతే కత్తి అంత అరుగుతుంది కదా, ఆ ఒక్క దెబ్బకే విరిగి కూర్చుంది. ఇంకో కత్తి, ఇంకో దొంగ, మళ్ళీ అంతే. ప్రపంచంలోకెల్లా బలవంతుణ్ణి, చేతిలో ఆయుధం నిలవదు. చివరికి ఉత్త పిడికిళ్ళతో తిరిగా.

డల్లాస్_దోస
ఇది పచ్చి మోసం. కన్సోల్ తెరిచి కోడ్ కొట్టినట్టే. కష్టపడి ఆడినవాళ్ళకి మండుతుంది.

గోదారి_గట్టు
కోడ్ కొట్టడం బయటినుంచి చెయ్యి పెట్టడం. నేను అంగట్లో దుంపలు డబ్బిచ్చి కొన్నా, మోసుకెళ్ళా, రోట్లో నూరా, తాగా. ఆట పెట్టిన నియమం ఒక్కటి కూడా దాటలేదు. రూల్ రాసినవాడు ఆలోచించుకోవాలి.

డల్లాస్_దోస
టాక్స్ కట్టే సీజన్లో మా ఆఫీసులో వినే వాదన అచ్చం ఇదే.

లెక్కల_మాస్టారు
నాదొక లొసుగు కాని లొసుగు. లెవెల్ పెరిగినప్పుడు బలమో తెలివో ఒకేసారి 5 పెరగాలంటే, ఆలోపు దానికి చెందిన నైపుణ్యాలు పదిసార్లు పెరిగి ఉండాలి. నేను 200 పేజీల నోట్‌బుక్ పెట్టి గీతలు గీసేవాణ్ణి. ఈరోజు గొడ్డలి 3, కవచం 4. పది నిండాకే నిద్రపోవడం. దూకుడు పెరగాలని ప్రతి వీధిలో గెంతుతూ నడిచేవాణ్ణి. మా నాన్నగారు ఆ నోట్‌బుక్ చూసి, నేను ఎంసెట్ మాక్ టెస్టుల మార్కులు రాసుకుంటున్నాననుకుని ఇంట్లో అందరికీ చెప్పారు. ఆయనకి ఇప్పటికీ నిజం తెలియదు.

బ్లైట్_గాలి
నేను కీబోర్డ్ మీద చెంచా ఆనించి బరువు పెట్టి గోడవైపు దొంగచాటుగా నడిపించి పడుకునేవాణ్ణి. పొద్దున్నకి దొంగ నడకలో ఆరితేరేవాడు. ఒకరోజు అమ్మ చెంచా వెతుక్కుంటూ వచ్చింది.

పాత_సీడీ
నవ్వలేక చస్తున్నా. కానీ నేను అడిగింది కథ గురించి. లొసుగులు బాగుంటే ఆట బాగున్నట్టేనా?

నిప్పుల_వాగు
కథ దగ్గరికే వస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

మాది పల్నాడు. 12వ శతాబ్దంలో జరిగిన యుద్ధం గురించి మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మాచర్ల వైపు వాళ్ళ నోట వింటే బ్రహ్మనాయుడు దేవుడు, నాగమ్మ మాయలాడి. గురజాల వైపు కూర్చుని వింటే నాగమ్మ రాజ్యం నడిపిన మంత్రిణి, అంత తెలివైన మనిషి ఇంకొకరు లేరు. కారంపూడిలో వీరుల గుడి ముందు కథ చెప్పేవాళ్ళు ఇంకోలా చెబుతారు. కోడిపందెం దగ్గర ఏం జరిగిందో మా ఇద్దరు తాతలు చెప్పింది ఒకటి కాదు. చిన్నప్పుడు "అసలేం జరిగింది తాతా?" అంటే, "ఎవరి దగ్గర కూర్చుని వింటే అదే జరిగింది" అనేవాడు.

మారోవిండ్ మొదటిసారి ఆడినప్పుడు నాకు ఆ అరుగు గుర్తొచ్చింది. నెరెవార్ అనే పాత సేనాని ఎర్రకొండ యుద్ధంలో పోయాడు. ఎలా పోయాడు? గుడివాళ్ళని అడిగితే యుద్ధంలో తగిలిన గాయాలతో. బూడిద నేలల్లో గుడారాలేసుకుని తిరిగే ఆష్‌ల్యాండర్లని అడిగితే, కాదు, పక్కనున్న ముగ్గురు సలహాదారులే చంపేసి తర్వాత దేవుళ్ళై కూర్చున్నారు. ఆ ముగ్గురిలో ఒకడు వివెక్, బతికే ఉన్నాడు, నువ్వెళ్ళి మొహం మీదే అడగొచ్చు. మేం చంపలేదంటాడు. ఇక డాగోత్ ఊర్ చెప్పేది వేరు. ఆ యుద్ధంలోనే డ్వెమర్ జాతి మొత్తం ఒక్క క్షణంలో మాయమైంది. మిగిలింది ఒకే ఒక్కడు, యాగ్రమ్ బగార్న్, రోగంతో ఉబ్బిపోయి, సాలెపురుగు కాళ్ళలాంటి యంత్రం మీద కూర్చుని ఉంటాడు. హమ్మయ్య, వీణ్ణడిగితే తెలుస్తుందని పరుగున వెళ్ళా. "అప్పుడు నేను ఊళ్ళో లేను, ఇంకో లోకంలో ఉన్నా, వచ్చేసరికి ఎవరూ లేరు" అన్నాడు.

ఆట అయిపోయినా ఎవరిది నిజమో తేల్చదు. నువ్వు నిజంగా నెరెవార్ పునర్జన్మవా, లేక చక్రవర్తి గూఢచారులు ఆ వేషం వేసి పంపిన ఖైదీవా అనేది కూడా తేల్చదు. గుహలో నీకు ముందు ప్రయత్నించి ఓడిన వాళ్ళ ఆత్మలు కనిపిస్తాయి. వాళ్ళూ నీలాగే నమ్మినవాళ్ళే.

మెట్లులేని_మేడ
@నిప్పుల_వాగు, ఒకటి మర్చిపోయారు. వివెక్ రాసినట్టు ఆటలో 36 పాఠాలుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో పుస్తకం. నిజానికి రాసింది ఆట రచయితల్లో ఒకడైన మైకేల్ కిర్క్‌బ్రైడ్. చదివితే వేదాంతమో పిచ్చో తెలియదు. 29వ పాఠంలో ఊరికే అంకెలుంటాయి, ఒకటి నుంచి 36 దాకా ప్రతి పాఠానికీ ఒక అంకె. ఆ పాఠం తీసి అన్నో మాట లెక్కపెట్టి, వచ్చిన మాటలన్నీ వరసగా పేరిస్తే నేరం ఒప్పుకోలు బయటపడుతుంది. పుట్టుకతో దేవుడు కాదని, దైవత్వం దొంగిలించాడని, సేనానిని చంపాడని, వివెక్కే రాశాడని. నీ మొహం మీద కాదన్నవాడు, పుస్తకంలో దాచి ఒప్పుకున్నాడు.

ఆట పూర్తిచేసిన వాళ్ళలో చాలామంది ఆ పుస్తకాలు అమ్ముకుని ఉంటారు.

గోదారి_గట్టు
నేను అమ్మా. బరువని.

బ్లైట్_గాలి
మా హాస్టల్లో వివేక్ అనేవాడుండేవాడు. ఈ ఆట వచ్చాక వాడి బతుకు పోయింది. "వివేక్ నగరానికి వెళ్ళాలి", "వివేక్ దర్శనం అయిందా", "వివేక్‌ని ఎలా చంపాలి" అని రాత్రంతా గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం. ఆటలో వివెక్ ఒంటి సగం బంగారు రంగు, సగం బూడిద రంగు. మావాడు బైక్ మీద కుడిచెయ్యి ఎండకి కమిలి వస్తే ఆరోజు పూజ చేశాం.

రాత్రి_రెండున్నర
నాకు కథలో మిగిలిపోయింది డాగోత్ ఊర్ మర్యాద. ఆటంతా వాడి పేరు చెప్పి భయపెడతారు. కొండ కడుపులోకి దిగితే మొహానికి బంగారు ముసుగేసుకుని నిలబడి, పాత స్నేహితుడు గుమ్మంలోకి వచ్చినట్టు మాట్లాడతాడు. నువ్వు నిజంగా నెరెవార్‌వేనా, గెలిస్తే ఏం చేద్దామనుకుంటున్నావ్ అని వరసగా అడుగుతాడు. నువ్వు జవాబు ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా చివరికి కొట్టుకోవాల్సిందే, అయినా నేను పావుగంట ఆలోచించా. "నాకు తెలియదు" అనేది నొక్కా. అంత నిజాయితీగా నేను ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు.

మా అన్నయ్య కంప్యూటర్ అది. వాడు పడుకున్నాకే నా వంతు వచ్చేది. నా పేరు అందుకే.

డల్లాస్_దోస
దారి చెప్పడం గురించి ఎవరూ మాట్లాడరేం? సగం సమయం దారి తప్పడంలోనే పోయింది. డ్వెమర్ పజిల్ పెట్టె కోసం మొదట్లోనే ఆర్క్‌న్‌గ్తాండ్ శిథిలాలకి పంపుతారు. మూన్‌మాత్ కోట దాటి, నిప్పుల వాగు మీద పాత వంతెన ఎక్కి వెళ్ళాలి. తలుపు తెరవడానికి పిడి తలుపుకి ఉండదు, అవతల ఒక గొట్టం మీద ఉంటుంది. సరే, తెరిచా. లోపల ఆ పెట్టె అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది, గదిలో అరమీద పడేశారు. నాకు మూడు రోజులు పట్టింది. దీన్ని గొప్పతనం అంటారా?

పాత_సీడీ
అంటా. మూడు రోజులు నువ్వు ఆ శిథిలాల్లో ఏం చూశావో ఇప్పటికీ చెప్పగలుగుతున్నావ్. బాణం గుర్తు ఉంటే పెట్టె తీసుకుని వెళ్ళిపోయేవాడివి.

డల్లాస్_దోస
చెప్పగలుగుతున్నది కోపంతో.

లెక్కల_మాస్టారు
దారి చెప్పే తీరు మన ఊళ్ళలో లాగానే. "చింతచెట్టు దాకా పో, అక్కణ్ణుంచి ఎడమకి తిరుగు, గుట్ట కనపడుతుంది." చింతచెట్టు పోయినేడే కొట్టేశారని చెప్పరు. జర్నల్లో కొన్నిచోట్ల తూర్పు అని రాసి పడమర ఉంటుంది, ఆ తప్పులు నేనూ పడ్డా. అసలు పెట్టెలో కాగితం మ్యాప్ ఇచ్చేవాళ్ళు, అది చేతిలో ఉంటే కొంత మేలు. మన సీడీలకి మ్యాప్ ఎక్కడిది.

గోదారి_గట్టు
మన సీడీలకి కవరే లేదు. సికింద్రాబాద్‌లో ఒక షాపులో 100కి కొన్నా. ఇంటికొచ్చి చూస్తే పైన స్కెచ్ పెన్నుతో "మారో విండో" అని రాసుంది. విండోస్ అనుకున్నట్టున్నాడు.

సున్నా_బై_ఒకటి
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఒక వృత్తి ముచ్చట. పాత ఎక్స్‌బాక్స్‌లో ఈ ఆటకి మెమరీ చాలక నానా తంటాలు పడ్డారు. చివరికి ఏం చేశారంటే, మెమరీ బాగా తగ్గినప్పుడు లోడింగ్ బొమ్మ తెరమీద నిలిపి, వెనకాల పెట్టెని రీబూట్ చేసేవాళ్ళు. ఆడేవాడికి "ఈసారి లోడింగ్ కొంచెం ఎక్కువసేపు పట్టిందే" అనిపిస్తుంది, అంతే. ఆట తయారీకి పెద్దగా ఉన్న టాడ్ హోవార్డే తర్వాత చెప్పాడు. నా దృష్టిలో ఈ ఆట చరిత్రలో పెద్ద లొసుగు ఇది. దాన్ని వాడుకుంది ఆడినవాళ్ళు కాదు, చేసినవాళ్ళు.

గోదారి_గట్టు
@డల్లాస్_దోస, చూశారా? వాళ్ళది మోసం కాదా?

డల్లాస్_దోస
రీబూట్ చేస్తే బాగవుతుందనేది మోసం కాదు, ఐటీ రంగపు మూలసూత్రం.

వరంగల్_పోరడు
నేను చేసిన పెద్ద పాపం చెప్పనా. కైయస్ కొసేడిస్ ఉంటడు కదా, బాల్మోరా ఊర్ల చొక్కా లేకుండ మంచం పక్కన నిలబడే ముసలాయన. చూస్తే తాగుబోతు, నిజానికి గూఢచారుల పెద్ద. మొదటిసారి పోంగనే పొరపాటున కత్తి తగిలింది. ఆయన ఊకుంటడా. నేనూ ఊకోలే. చచ్చిండు. అప్పుడు తెర మీద రాత వచ్చింది, ఈయన చావుతో జోస్యం దారం తెగింది, పాత సేవ్ తెరుచుకో, లేకుంటే నువ్వే చెడగొట్టుకున్న లోకంల బతుకు అని. నా దగ్గర ఉన్నదే ఒక్క సేవ్. అది గూడ అప్పుడే కొట్టిన. రెండు నెలలు ఆ చెడిపోయిన లోకంలనే తిరిగిన. ఏం ఫరక్ పడలే, మంచిగనే ఉండె.

మెట్లులేని_మేడ
ఆ లోకంలో కూడా ఆట పూర్తవుతుంది! వివెక్‌ని చంపి, వాడి దగ్గరున్న చేతి తొడుగుని ఆ చివరి డ్వెమర్ యాగ్రమ్ దగ్గరికి తీసుకెళ్తే పనిచేసేలా చేసిస్తాడు. తొడుక్కుంటే నీ ప్రాణంలో కొంత శాశ్వతంగా పోతుంది. అయినా చివరి కొండ ఎక్కొచ్చు. దారం తెంపినవాడికి కూడా ఒక సందు వదిలారు.

వరంగల్_పోరడు
ఇరవై ఏళ్ళకు చెప్తున్నవా అన్నా ఇది.

కోడి_కూయకముందే
ఇదొక్కటి మాత్రం స్కైరిమ్‌లో లేదు, ఒప్పుకుంటున్నా. అక్కడ ముఖ్యమైన మనిషిని ఎంత కొట్టినా మోకాళ్ళ మీద కూలబడి, కాసేపటికి లేచి దుమ్ము దులుపుకుంటాడు.

రాత్రి_రెండున్నర
@పాత_సీడీ, మీ వాడికి బూట్లు ఇప్పించండి. కాల్డెరా ఊరి దగ్గర దారిలో పెమెనీ అనే ఆవిడ తోడు రమ్మంటుంది. ఆవిడ ఇచ్చే బూట్లు వేసుకుంటే వేగం 200 పెరుగుతుంది, కళ్ళు పూర్తిగా కనిపించవు. బ్రెటన్ జాతివాడికి మంత్రాన్ని సగం అడ్డుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మిగతా సగానికి ఒక చిన్న మంత్రం వేసుకుని, అది పనిచేస్తున్న క్షణంలో బూట్లు తొడిగితే చాలు. చీకటి తగలదు, వేగం మిగులుతుంది. ఆ తర్వాత ఆ మంత్రం పోయినా పర్వాలేదు.

లెక్కల_మాస్టారు
డబ్బుకి కాల్డెరాలోనే ఓర్కుల ఇంట్లో క్రీపర్ అనే బుల్లి దెయ్యం. బేరం ఆడదు, సరుకు విలువెంతో అంతా ఇస్తుంది. కాకపోతే రోజుకి 5,000 మాత్రమే. 30,000 విలువైన కవచం అమ్మాలంటే, తేడాకి వాడి దగ్గర సరుకే తిరిగి తీసుకుని, పక్కనే 24 గంటలు విశ్రాంతి తీసుకుని, అది మళ్ళీ వాడికే అమ్మాలి. తాకట్టు లెక్కలు నాకు అక్కడే వచ్చాయి.

ఇంకా కావాలంటే 10,000 ఉన్న వ్యాపారి ఇంకోడున్నాడు, మాట్లాడే పీత. మ్యాప్‌లో ఆగ్నేయం మూల, చిన్న దీవిమీద.

బ్లైట్_గాలి
ఆ పీతని నేను వ్యాపారి అని తెలియక చంపేశా. చూడ్డానికి మిగతా పీతల్లాగే ఉంటుంది కదా. పదేళ్ళ తర్వాత నెట్‌లో చదివి బాధపడ్డా.

నిప్పుల_వాగు
నేను తెలుగు మీడియం. ఆ ఎండాకాలంలో పక్కన నిఘంటువు పెట్టుకుని ఆడా. "పునర్జన్మ ఎత్తినవాడు" అనే ఇంగ్లీషు మాట నేర్చుకుంది ఆష్‌ల్యాండర్ల గుడారంలోనే. బీటెక్ మొదటి ఏడు ఇంగ్లీషు మేడమ్ "ఈ మాటలు ఎక్కడ నేర్చుకున్నావ్?" అంటే చెప్పలేక పత్రికలు చదువుతానన్నా.

పాత_సీడీ
వారం తర్వాత వస్తున్నా. కబురు ఉంది.

టార్హియెల్ గురించి ఇక్కడ రాసింది వాడికి చదివి వినిపించా. నమ్మలేదు. నెట్‌లో వెతికి, ఎవరో ఈ ఆటని కొన్ని నిమిషాల్లోనే ముగించేసే స్పీడ్ రన్ వీడియో చూశాడు. మందులు తాగి, కొండలమీంచి గెంతుతూ, తిన్నగా ఎర్రకొండలోకి. వాడి మొహం చూడాలి. "ఇలా కూడా ఆడనిస్తుందా మామయ్యా?" అన్నాడు. నేను నెరెవార్ గురించి గంటసేపు చెప్పినా కదలనివాడు దుంపలు ఎక్కడ దొరుకుతాయో అడుగుతున్నాడు.

ఓపెన్‌ఎండబ్ల్యూ అని ఈ ఆటని కొత్త కంప్యూటర్లలో నడిపే ఇంజిన్ వేసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. కైయస్‌ని ఇంకా కలవనే లేదు. కానీ ఫార్గోత్ ఉంగరం ఇచ్చేశాడు, రాత్రి దీపస్తంభం ఎక్కి వాడు డబ్బు దాచే మొద్దు కనిపెట్టి అది దోచేశాడు, పత్రంతో ఎగిరి రెండుసార్లు చచ్చాడు. పుస్తకాలు మాత్రం అమ్మట్లేదు, 29వ పాఠం కోసం దాస్తున్నాడట.

మెట్లులేని_మేడ
36 పుస్తకాలూ ఒకేచోట దొరకవు, ఊళ్ళన్నీ తిరగాలని చెప్పారా?

పాత_సీడీ
చెప్పలేదు. తిరగనీ.

కోడి_కూయకముందే
నేనూ మళ్ళీ వేశా. ఎవరికీ చెప్పకండి. ఎగిరే గద్దలు ఇంకా అలాగే ఉన్నాయి.

వరంగల్_పోరడు
మొదట్ల ఓడల నిన్ను నిద్రలేపే జియుబ్ ఉన్నడు కదా, ఆ గద్దలన్నిటినీ తరిమేసి పుణ్యాత్ముడయిండని ఆబ్లివియన్‌ల చెప్పుకుంటరు. అందరి బాధ విన్నరు.

పాత_సీడీ
ఇంకో సంగతి. నిన్న వాడు నాలుగు గంటలు నడిచి, ఈది, ఆ వ్యాపారి పీత దీవి చేరాడు. సంచి నిండా అమ్మకానికి సరుకు. నేను వంటింట్లో ఉన్నా. "మామయ్యా, పీత!" అని కేకేశాడు. "మాట్లాడు, మాట్లాడు!" అంటూ నేను వచ్చేలోపు మొదటిరోజు పగ గుర్తొచ్చినట్టుంది. పచ్చ గీత కూడా నిండుగా ఉంది.

ఈసారి తగిలింది.

లెక్కల_మాస్టారు
సేవ్ ఉందా?

పాత_సీడీ
ఉంది. బాల్మోరాలో.